ఇంట్లో తెలిసేలోపు

ఈసారి పీహెచ్‌డీ ఫెలోషిప్‌కి జూదం మీద ప్రపోజల్ రాస్తున్నాను. సరదాకి ఆడే ముక్కలాట గురించి కాదు, మానుకుందామన్నా మానలేని స్థితికి చేరిన జూదం గురించి. మా పాలకొల్లు వైపు ఈ మాట చెప్తే అందరూ ముందు నవ్వుతారు. తర్వాత, "దాని మీద చదవడానికేముందమ్మా, సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర నిలబడితే అన్నీ తెలిసిపోతాయి కదా" అంటారు. బరి దగ్గర నిలబడ్డాను, చిన్నప్పటి నుంచీ నిలబడుతూనే ఉన్నాను. అక్కడ కనపడేది ఒకటి, నేను తెలుసుకోవాలనుకునేది మరొకటి. ఆ తేడా ఏంటో ప్రపోజల్ మొదటి పేజీలో చెప్పగలిగితే డబ్బు వస్తుంది, చెప్పలేకపోతే రాదు. ఇలాంటి అంశం మీద చదవాలనుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మన జిల్లాల్లో ఇంకా ఉంటారు కాబట్టి, నేను ఏం ఆలోచించి ఏం రాస్తున్నానో ఇక్కడ పెడుతున్నాను.

ముందు బరి సంగతే చెప్తాను, ఎందుకంటే ఫెలోషిప్ ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చునేవాళ్ళకి కూడా గోదావరి జిల్లాలు, జూదం అనగానే గుర్తొచ్చేది అదే. భోగి, సంక్రాంతి, కనుమ, ఆ మూడు రోజులూ కొబ్బరితోటల్లో, కోతైన చేలల్లో టెంట్లు లేస్తాయి, ఫ్లడ్‌లైట్లు పడతాయి, బరి చుట్టూ కంచె, వరసగా కుర్చీలు, పక్కన బిర్యానీ స్టాళ్ళు. డేగా కాకా నెమలా అని కోడి రంగు చూసి, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో శాస్త్రం చూసి దింపుతారు. అసలు పందెం కంటే చుట్టూ నిలబడ్డవాళ్ళు కాసుకునే పై పందేలే ఎక్కువ. జంతు హింస నిరోధక చట్టం 1960 నుంచి ఉంది, మన రాష్ట్ర గేమింగ్ చట్టం 1974 నుంచి ఉంది, పందేలు ఆపాలని 2016 చివర్లో హైకోర్టు గట్టిగా చెప్పింది. అయినా ప్రతి జనవరిలో కోళ్ళకి కత్తులు కడుతూనే ఉన్నారు. ఇదంతా టీవీల్లో ఏటా చూపిస్తారు కాబట్టి జూదం సమస్య అంటే మూడు రోజుల సమస్య, పోలీసుల సమస్య అనే అభిప్రాయం గట్టిపడిపోయింది.

బరి కంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది పక్కనే ఉండే గుండాట. గళ్ళు గీసిన పట్టా, గడికో బొమ్మ, డబ్బాలో వేసి గిలకొట్టే పాచికలు. ఆడించేవాడు డబ్బా బోర్లించి ఒక్క క్షణం ఆగుతాడు. చుట్టూ ఉన్న చేతులన్నీ ఆగిపోతాయి. ఎత్తగానే, డబ్బు పోయినవాడు కూడా "అబ్బా, పక్క గడే" అంటాడు. పక్క గడి అయినా పది గళ్ళ అవతల అయినా పోయిన డబ్బు ఒకటే, కానీ వాడికి అలా అనిపించదు, దగ్గరికొచ్చేశాననిపిస్తుంది, మళ్ళీ నోటు పెడతాడు. కొద్దిలో తప్పిపోయిన ఆట కూడా గెలుపుకి స్పందించే మెదడు భాగాల్నే కదిలిస్తుందని 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు స్కానింగులతో చూపించారు. ఆ పేపర్ చదివినప్పుడు నాకు కేంబ్రిడ్జ్ గుర్తు రాలేదు, ఆ పట్టా చుట్టూ వంగి ఉన్న మనుషులే గుర్తొచ్చారు.

అంతమంది ఆడినా, కనుమ దాటాక ఎక్కువమంది ఇంటికెళ్ళి మామూలుగా బతుకుతారు. ఈ విషయం ఒప్పుకోకుండా జూదం మీద పరిశోధన చెయ్యలేం. కెనడా వాళ్ళు 2001లో తయారుచేసిన ఒక ప్రశ్నావళి ఉంది, 9 ప్రశ్నలు, 27కి మార్కులు. 8 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తేనే సమస్యాత్మక జూదం అంటారు, 3 నుంచి 7 దాకా మధ్యస్థ ప్రమాదం. పండగ మూడు రోజులూ పై పందెం కాసి ఐదు వేలు పోగొట్టుకుని అక్కడితో ఊరుకున్నవాడికి ఇందులో సున్నానో ఒకటో వస్తుంది. నా అంశం ఆయన కాదు. పండగ అయిపోయాక కూడా ఆట ఆగనివాడు, పోయింది రాబట్టుకోవడానికి మళ్ళీ కూర్చున్నవాడు, దాని కోసం అప్పు చేసినవాడు, ఆ అప్పు సంగతి ఇంట్లో చెప్పనివాడు, నా అంశం ఆయన. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆయన కూడా కాదు, ఆయన ఇంట్లోవాళ్ళు.

ఎందుకంటే జూదానికి వాసన రాదు. తాగొచ్చినవాడు గుమ్మంలోకి అడుగు పెట్టకముందే ఇంట్లో తెలిసిపోతుంది. జూదం ఆడేవాడు మంచం మీద పక్కనే పడుకుని, ఫోన్ వెలుతురు దుప్పట్లో దాచుకుని, తెల్లారేసరికి ఎకరం కౌలు డబ్బు పోగొట్టుకుని, పొద్దున్నే లేచి పిల్లల్ని స్కూల్ బస్సు ఎక్కించగలడు. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లోనే దీన్ని జబ్బుల జాబితాలో చేర్చింది. 2013లో వచ్చిన ఐదో కూర్పులో మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కనే పెట్టింది. 9 లక్షణాలు చెప్పి, ఏడాది కాలంలో 4 ఉంటే జబ్బు కింద లెక్క అంది. వాటిలో ఒకటి అబద్ధం, ఎంత ఆడుతున్నాడో దాచిపెట్టడానికి చెప్పే అబద్ధం. 1997లో ఇంకొందరు రెండే రెండు ప్రశ్నలతో ఒక పరీక్ష తయారుచేశారు: పందెం మొత్తం పెంచుకుంటూ పోవాలనిపించిందా, ఎంత ఆడావో నీకు ముఖ్యమైనవాళ్ళకి అబద్ధం చెప్పాల్సి వచ్చిందా. రెండు ప్రశ్నల్లో ఒకటి అబద్ధం గురించే అయ్యిందంటే ఆలోచించండి. పోయిన డబ్బు గురించి అందరం మాట్లాడతాం. ఆ అబద్ధం ఎన్నాళ్ళు నిలబడింది, ఏ సాయంతో నిలబడింది అన్నది మన దగ్గర ఎవరూ కూర్చుని రాసిపెట్టినట్టు నాకు కనపడలేదు.

మా డెల్టాలో ఆ అబద్ధానికి దొరికినంత సాయం ఇంకెక్కడా దొరకదని నా నమ్మకం. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, నా ప్రపోజల్‌కి ప్రాణం ఇదే.

నెల జీతం మీద బతికే ఇంట్లో డబ్బు పోతే నెలాఖరుకి తెలుస్తుంది. మా దగ్గర డబ్బు అలా రాదు. వరి అయితే సార్వాకి ఒకసారి, దాళ్వాకి ఒకసారి. రొయ్యల చెరువైతే మూడు నాలుగు నెలలకి పట్టుబడి, అదీ కౌంటు బాగుంటే, రేటు ఉంటే, వైట్ స్పాట్ జబ్బు రాకపోతే. మధ్యలో అంతా అప్పే. పిల్ల రొయ్యకి అప్పు, మేతకి డీలర్ దగ్గర ఖాతా, కరెంటుకీ డీజిల్‌కీ చేబదులు, కౌలుకి బంగారం తాకట్టు. అప్పు ఉండటం మా ఇళ్ళల్లో వింత కాదు, లేకపోతేనే వింత. ఇంట్లో నగ బ్యాంకులోకి వెళ్ళడం, మళ్ళీ రావడం ఏడాదికోసారి జరిగేదే. అలాంటి చోట మగాడు "చెరువు పోయింది" అని ఒక్క మాటంటే, ఆ వెనకాల ఎంత డబ్బైనా దాక్కుంటుంది. పది లక్షలు ఎక్కడికెళ్ళాయని ఎవరూ అడగరు, చెరువు నిజంగా పోయిన ఇళ్ళు ఎదురుగానే ఉంటాయి.

భీమవరం దగ్గర పల్లెలో ఒక అక్క చెప్పింది నాకు బాగా గుర్తుండిపోయింది. ఆవిడని గుర్తుపట్టే వివరాలన్నీ మార్చాను, ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వంటింటి గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ మాట్లాడింది, ఒక్కసారి కూడా తలెత్తలేదు. "చెరువు పోయిందన్నాడండి, నమ్మేశాను. చెరువు పోవడం మాకు కొత్తా? నా గాజులు నేనే తీసిచ్చాను, బెంగ పెట్టుకోకు అని కూడా నేనే చెప్పాను." ఆ తర్వాత చాలా నెలలకి బంధువుల పెళ్ళిలో మేత షాపాయన ఎదురుపడి, మర్యాదకి, "మొన్న పట్టుబడి మీకు బాగా కలిసొచ్చిందట కదమ్మా" అన్నాడట. పెళ్ళి భోజనాల దగ్గర, చేతిలో విస్తరితో నిలబడి ఉండగా, ఆవిడకి మొత్తం అర్థమైపోయింది. రొయ్యలు బాగానే పండాయి. డబ్బు క్రికెట్ బెట్టింగ్‌కి పోయింది. అప్పటికి గాజులే కాదు, అత్తగారి పేరున ఉన్న ముప్పావు ఎకరం కాగితాలు కూడా ఫైనాన్స్ వాళ్ళ దగ్గరున్నాయి. "ముందే తెలిస్తే గాజులతో పోయేదండి" అంది.

నా పరిశోధన ప్రశ్న ఆ ఆఖరి మాటలోంచే వచ్చింది. ఆడటానికి మొదటిసారి అప్పు చేసిన రోజుకీ ఇంట్లో తెలిసిన రోజుకీ మధ్య ఎంత కాలం పడుతోంది? ఆ మధ్యలో ఏమేం పోతున్నాయి, ఏ వరసలో పోతున్నాయి? ఇంట్లోవాళ్ళకంటే ముందు తెలిసేది ఎవరికి? ఇప్పటిదాకా నేను విన్నదాన్ని బట్టి ముందు తెలిసేవాళ్ళు చాలామంది ఉంటారు, మేత డీలర్, తాకట్టు షాపువాడు, చిట్టీ నడిపే ఆవిడ, నూటికి మూడు నాలుగు రూపాయల వడ్డీకి చేబదులిచ్చే పక్కవీధి ఆయన. ఊరంతా తెలిసి ఇంట్లో ఒక్కరికే తెలియని పరిస్థితి. ఆ కాలాన్ని కుదించగలిగితే జబ్బు నయమైపోదు, కానీ గాజులతో పోయేది పొలం దాకా రాకుండా ఆగుతుంది. వ్యసనపడ్డ ఒక్క జూదరి చుట్టూ సుమారు ఆరుగురు దెబ్బతింటారని 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కగట్టారు. మన ఉమ్మడి అప్పులు, ఉమ్మడి పొలాలు, మేనత్తలు మేనమామల హామీ సంతకాలు కలిపితే ఇక్కడ ఎంతమంది అవుతారో లెక్కగట్టడం కూడా ఇందులో భాగమే.

ఇక డబ్బు సంగతి. జూదం వ్యసనం మీద పరిశోధన అని ప్రత్యేకంగా పేరు పెట్టిన ఫెలోషిప్ మన దేశంలో నాకు దొరకలేదు. ఉన్నవాటిలోనే మన అంశాన్ని పట్టించాలి. యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకుంటే అన్నిటికంటే సుఖం, ఎందుకంటే అది పరీక్షలో మార్కులు చూసి ఇచ్చేది, నీ అంశం ఏంటని అడగదు. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకి 37,000, ఆ తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం వేరే. వయసు 30 లోపు ఉండాలి, ఆడవాళ్ళకీ రిజర్వేషన్ వర్గాలకీ 5 ఏళ్ళ సడలింపు ఉంది, పెళ్ళీ పిల్లల తర్వాత మళ్ళీ చదువులోకి వచ్చిన మా లాంటి చోట్ల ఆడపిల్లలు ఈ ఒక్క లైన్ చదివి ఆశ వదులుకోకుండా ఉంటే చాలు. నెట్‌లో సైకాలజీ ఉంది, సోషల్ వర్క్ ఉంది, రెండిట్లో ఏదైనా ఈ అంశానికి దారి ఇస్తుంది. సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి, అంటే ఐసీఎస్ఎస్ఆర్, ఇచ్చే డాక్టోరల్ ఫెలోషిప్ అలా కాదు, ముందు ఎక్కడైనా పీహెచ్‌డీలో చేరి ఉండాలి, అంశం చూస్తారు, ప్రపోజల్ చదువుతారు. డబ్బు జేఆర్‌ఎఫ్ కంటే బాగా తక్కువ. కానీ నా మటుకు నాకు ఆ ప్రపోజల్ రాయడమే పెద్ద చదువయ్యింది, ఎందుకంటే "ఎందుకు" అని అడిగేవాడు ఎదురుగా కూర్చున్నట్టు ఊహించుకుని ప్రతి వాక్యం రాయాల్సి వచ్చింది.

బయటి దేశాల్లో ఈ అంశానికి విడిగా డబ్బుంది. కెనడాలో అల్బర్టా యూనివర్సిటీలు కలిసి నడిపే జూదం పరిశోధన సంస్థ ఒకటుంది, అక్కడ చేరిన పీజీ, పీహెచ్‌డీ విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి జూదం కంపెనీల మీద తప్పనిసరి లెవీ వేశారు, అందులో 20 శాతం పరిశోధనకే కేటాయించారు. ఇది నాకు చాలా నచ్చింది. కంపెనీ తనకి నచ్చినవాడికి ఇచ్చే విరాళం కాదు, ప్రభుత్వం వసూలు చేసి పరిశోధన మండలి చేతికిచ్చే డబ్బు. అమెరికాలో క్యాసినోల డబ్బుతో 1996 నుంచి నడుస్తున్న పరిశోధన సంస్థ ఉంది. ప్రాజెక్టుల ఎంపిక బయటి నిపుణులే చేస్తారని వాళ్ళంటారు, అయినా ఆ డబ్బు ముట్టుకోవాలా వద్దా అని పరిశోధకుల మధ్య ఏళ్ళ తరబడి వాదన నడుస్తూనే ఉంది. నా వరకూ నేను తేల్చుకున్నాను. ఆడించేవాడి డబ్బుతో ఆడేవాడి ఇంటి గురించి రాయను. ఆ డబ్బు తీసుకున్నంత మాత్రాన అందరూ అబద్ధాలు రాస్తారని కాదు. ప్రశ్న ఎంచుకునేటప్పుడే చెయ్యి వంగుతుంది. "బాధ్యతగా ఆడటం ఎలా" అనే ప్రశ్నకి డబ్బు సులువుగా వస్తుంది, "ఆట ఎందుకు అంత వేగంగా తయారుచేశారు" అనే ప్రశ్నకి రాదు. గాజులు తీసిచ్చిన ఆ అక్క ఎదురుగా కూర్చుని, నా ఖర్చులు ఫలానా కంపెనీ పెట్టుకుంటోంది అని చెప్పగలనా అని ఆలోచించుకున్నాను, చెప్పలేను.

పోయినసారి ఒక ఫెలోషిప్‌కి దరఖాస్తు పెడితే తిప్పి పంపారు. ఏ సంస్థో చెప్పను, అవసరం లేదు. ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన, "ఇది లా అండ్ ఆర్డర్ విషయం కదమ్మా, కొత్త చట్టం కూడా వచ్చేసింది, ఇంక సమస్యేముంది" అన్నారు. ఆయన గట్టిగా అనలేదు, నిజంగానే అలా అనుకుంటున్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, అందుకే ఈసారి ప్రపోజల్లో దానికి సమాధానం ఒక పేజీ ఉంది.

చట్టం సంగతి ఇది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆటే అని 1960ల చివర్లో తీర్పొచ్చింది. నాలుగు దశాబ్దాల తర్వాత ఫోన్లలో రమ్మీ యాప్‌లు నిలబడింది ఆ వాదన మీదే. 2020లో మన రాష్ట్రం 1974 చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివాటిని కూడా నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశం మొత్తానికీ చట్టం తెచ్చింది, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ బంద్, నడిపేవాళ్ళకి 3 ఏళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆ చట్టాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. పెద్ద పెద్ద యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి, టీవీ పెట్టగానే కనపడే ప్రకటనలు ఆగాయి, అది చిన్న విషయం కాదు. కానీ మా వైపు కుర్రాళ్ళు చెప్పేది వింటే, యాప్ ఆగింది గానీ ఐడీ ఇచ్చేవాడు ఆగలేదు. ఎవరో ఒక నంబర్‌కి మెసేజ్ పెడితే బెట్టింగ్ ఐడీ వస్తుంది, డబ్బు వేరే ఎవరిదో ఖాతాలో వేస్తే పాయింట్లు పడతాయి. అన్నిటికంటే ముఖ్యం, చట్టం వచ్చిన రోజున పాత అప్పులు మాయమైపోలేదు. తాకట్టు రసీదులు అలాగే ఉన్నాయి, లోన్ యాప్ వాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. నిషేధం వల్ల ఇంట్లో దాపరికం తగ్గిందా, ఇంకా లోతుకి పోయిందా? పోలీసులు ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేరు, అది వాళ్ళ పని కూడా కాదు. ఎవరో ఒకరు ఇంటింటికీ వెళ్ళి కూర్చుని అడగాలి, దానికి జీతం కావాలి, బస్సు ఛార్జీలు కావాలి.

అడగడం కూడా తేలిక కాదు. పరిశోధన వల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీకి రాసే భాగం దగ్గర నాకు నిద్ర పట్టలేదు, అంత టెన్షన్ పడ్డాను. కేంద్రం చట్టం ఆడేవాడిని శిక్షించదు గానీ మన రాష్ట్ర చట్టంలో ఆడేవాడికీ శిక్ష ఉంది. అంటే నా దగ్గర ఉండే ఇంటర్వ్యూ కాగితం ఒక నేరం గురించిన కాగితం. మామూలుగా ప్రతి ఒక్కరితో అంగీకార పత్రం మీద సంతకం పెట్టించుకోవాలి, కానీ సంతకమంటే పేరు, పేరంటే ఆధారం. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం, తగిన కారణం చూపిస్తే, కమిటీ అనుమతితో సంతకం బదులు నోటిమాట అంగీకారం తీసుకోవచ్చు. నేను అదే అడుగుతున్నాను. అమెరికాలో పరిశోధకుల దగ్గరున్న వివరాలు కోర్టు అడిగినా ఇవ్వక్కర్లేకుండా కాపాడే ఏర్పాటు ఒకటుంది, మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి అసలు పేర్లు, ఊళ్ళు, చెరువుల సర్వే నంబర్లు ఏవీ రాసుకోకపోవడమే మార్గం. ఊరు బదులు మండలం, తేదీ బదులు పంట: "పోయిన దాళ్వాకి ముందు" అని. మనవాళ్ళు కూడా తేదీలు చెప్పరు, పంటలూ పెళ్ళిళ్ళూ చెప్తారు, గుర్తు చేసుకోవడానికి అదే నయం.

ఇంకో భయం, అన్నిటికంటే పెద్దది, ఆత్మహత్యలు. జూదం అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళలో ఆ ప్రమాదం ఎక్కువని ఎన్నో దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి, మాకు పేపర్లో జిల్లా పేజీ చదివినా తెలుస్తుంది. నేను ప్రశ్న అడిగి, డైరీ మూసుకుని, బస్సెక్కి వచ్చేస్తే ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? అందుకే ఇంటర్వ్యూకి ముందే ప్రాంతంలో ఒక మానసిక వైద్యుడితో మాట్లాడి పెట్టుకోవడం, అవసరమైతే అదే రోజు తీసుకెళ్ళడానికి బండి ఖర్చు, మర్నాడు మళ్ళీ ఫోన్ చెయ్యడం, ఇవన్నీ బడ్జెట్‌లో విడివిడిగా రాశాను. 14416 అని మానసిక సాయం కోసం ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబర్ 2022 నుంచి ఉంది, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. ప్రతి ఇంట్లో ఆ నంబర్ రాసి ఇచ్చి రావాలనుకుంటున్నాను. బడ్జెట్ తగ్గించమంటే ల్యాప్‌టాప్ తీసేస్తాను, బండి ఖర్చు తియ్యను. జబ్బుకి వైద్యం లేకపోలేదు. ఆలోచన తీరు మార్చే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది, కొందరికి మందులు కూడా ఇస్తారు, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో వ్యసనాలకి ప్రత్యేక విభాగమే ఉంది. కానీ రాజోలు నుంచో నరసాపురం నుంచో అక్కడిదాకా వెళ్ళేవాడు ముందు ఇంట్లో నిజం చెప్పి ఉండాలి కదా.

ఇలాంటి ప్రపోజల్ రాసేవాళ్ళకి నా మాట ఒక్కటే. "జూదం సమాజాన్ని పట్టి పీడిస్తోంది" అని మొదలుపెట్టకండి, చదివేవాళ్ళకి అది ముందే తెలుసు. మొదటి పేరాలోనే ప్రశ్న పెట్టండి, మీరు తప్ప ఇంకెవరూ అడగలేని ప్రశ్న. మా గైడ్ మేడమ్ నా మొదటి ముసాయిదా చూసి, మహాభారతం జూదపు కొలువు, ధర్మరాజు, నలుడు అన్నీ కొట్టేసి, "ఆ మేత షాపాయన్ని పైకి తీసుకురా" అన్నారు. ఆ 9 ప్రశ్నల ప్రశ్నావళి లాంటి స్కేలు వాడుతున్నప్పుడు తెలుగులో దాన్ని ఎలా సరిచూస్తారో రాయండి, సైకాలజీ వాళ్ళు తప్పకుండా అడుగుతారు. ఎకనామిక్స్ వాళ్ళు ఉంటే శాంపిల్ ఎంత అంటారు, దాచుకున్న విషయం మీద ఇంటింటి సర్వే చేస్తే అందరూ లేదనే చెప్తారు కాబట్టి ముందు లోతుగా కొద్ది ఇళ్ళు, ఆ తర్వాతే సర్వే అని ధైర్యంగా చెప్పండి.

నా ప్రపోజల్లో ఇళ్ళు వెతకడానికి నేను ఎంచుకున్న దారి డ్వాక్రా సంఘాలు. సంఘంలో వాయిదా కట్టలేకపోయిన ఆడమనిషి కారణం ఊరికే చెప్పదు, కానీ పక్కన కూర్చునే ఆవిడకి తెలుస్తుంది. ఆకివీడు నుంచి అమలాపురం దాకా, చెరువులున్న మండలాలు కొన్ని, వరి మండలాలు కొన్ని, గల్ఫ్ డబ్బు వచ్చే కోనసీమ ఊళ్ళు కొన్ని తీసుకుంటున్నాను. డబ్బు వచ్చే తీరు మారితే దాపరికం నిలబడే కాలం మారుతుందా అన్నది చూడాలి. గల్ఫ్‌లో భార్య ఇంటిపనికి వెళ్ళి డబ్బు పంపిస్తుంటే ఇక్కడ భర్త ఆడే ఇళ్ళు కూడా ఉన్నాయి. అక్కడ తెలిసేసరికి ఎన్ని నెలలవుతుందో, తెలిశాక ఆవిడ అంత దూరం నుంచి ఏం చెయ్యగలుగుతుందో నాకు ఇంకా అంచనా లేదు, ఆ ఇంటర్వ్యూలు ఫోన్లో, ఆవిడకి సెలవు దొరికే శుక్రవారాల్లో చెయ్యాలి. ఇప్పుడు ఆ భాగానికే ఖర్చు వేస్తున్నాను.